911 ఎస్‌సీ ముందు భాగం దించాక స్టీరింగ్ చెడింది: టోర్షన్ బార్ కారు ఎత్తు ఎలా సరిచేయాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. 1982 పోర్షా 911 ఎస్‌సీ, అమెరికా మోడల్, కారు ఉండేది న్యూజెర్సీలో. ముందు భాగం జీపులా లేచి ఉందని కింద స్క్రూలు తిప్పి సుమారు 40 మి.మీ. దించారు. వెనక వైపు ముట్టుకోలేదు. ఇప్పుడు గతుకుల మీద స్టీరింగ్ చేతిలో అటూ ఇటూ గుంజుతోంది, హైవే మీద కారు కుదురుగా పోవడం లేదు, గట్టిగా బ్రేక్ వేస్తే మిగతావాటికంటే మొదట కుడి ముందు చక్రమే లాక్ అవుతోంది. కాయిలోవర్లు (షాక్ అబ్జార్బర్ చుట్టూ కాయిల్ స్ప్రింగ్ ఉండేవి) వేయిస్తే పోతుందని ఎవరో చెప్పారు. వేయించాలా?

వద్దు. ముందు భాగాన్ని 15 నుంచి 20 మి.మీ. తిరిగి లేపండి, వెనక భాగాన్ని దానికి తగ్గట్టు దించండి, నాలుగు చక్రాల మీద పడే బరువులు సరిచూసి, చివర్లో అలైన్‌మెంట్ చేయించండి. మీరు చెప్పిన మూడు లక్షణాలకూ కారణం మీరు తిప్పిన ఆ రెండు స్క్రూలే. కొత్త సస్పెన్షన్ కొనాల్సిన పని లేదు. డబ్బు పెట్టాలనుకుంటే బుష్‌ల (సస్పెన్షన్ కీళ్లలోని రబ్బరు) మీద, మంచి అలైన్‌మెంట్ మీద పెట్టండి.

అమెరికాకు వచ్చిన ఆ కాలపు 911లను అక్కడి బంపర్ నిబంధనల కోసం ఎత్తు పెంచి పంపేవారు. అందుకని యూరప్ ఎత్తుకు దించుకోవడం దానికదే తప్పు కాదు, చాలామంది చేసేదే. మీరు ఆ గీత దాటి ఇంకా కిందికి వెళ్లారు, అదీ ఒక్క ముందు వైపే.

ఈ కారులో ముందు కాయిల్ స్ప్రింగులు ఉండవు. చక్రాన్ని బాడీకి కలిపే కింది చేయిని ఏ-ఆర్మ్ అంటారు, దాని లోపల, కారు పొడవు దిశలో ఒక ఉక్కు కడ్డీ ఉంటుంది, అదే టోర్షన్ బార్. చక్రం పైకి లేస్తే కడ్డీ మెలితిరుగుతుంది. స్క్రూ తిప్పినప్పుడు మీరు స్ప్రింగును మెత్తగానో గట్టిగానో చేయడం లేదు, కడ్డీ రెండో కొస ఎక్కడ నిలబడాలో మాత్రమే మారుస్తున్నారు. దాంతో ఏ-ఆర్మ్ కోణం మారుతుంది. అసలు కథంతా ఆ కోణంలోనే ఉంది.

ఫ్యాక్టరీ ఎత్తులో ఏ-ఆర్మ్ బయటి కొస (బాల్ జాయింట్) లోపలి కొసకంటే కిందికి ఉంటుంది. టై రాడ్ (స్టీరింగ్ నుంచి చక్రాన్ని తిప్పే కడ్డీ) కూడా ఇంచుమించు అదే వాలులో ఉంటుంది. చక్రం పైకీ కిందికీ ఆడినప్పుడు రెండూ దాదాపు ఒకే రకమైన చాపం గీస్తాయి, కాబట్టి చక్రం తిరగదు. 40 మి.మీ. దించేసరికి ఏ-ఆర్మ్ అడ్డంగా పడుకుంటుంది, టై రాడ్ బయటి కొస పైకి లేస్తుంది. ఇక రెండు చాపాలూ కలవవు. ప్రతి గతుక్కీ మీరు స్టీరింగ్ తిప్పకుండానే చక్రం కాస్త తిరుగుతుంది. దీన్నే బంప్ స్టీర్ అంటారు. మీ చేతుల్లో గుంజుతున్నది అదే.

హైవే మీద కుదురు లేకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది, దీన్ని చాలామంది పట్టించుకోరు. ఎస్‌సీ వీల్‌బేస్ 2272 మి.మీ. ముందు మాత్రమే 40 మి.మీ. దిగితే కారు మొత్తం ముక్కు మీదికి ఒక డిగ్రీ వాలుతుంది. అంటే క్యాస్టర్ (స్టీరింగ్ తిప్పినప్పుడు చక్రం ఏ గీత చుట్టూ తిరుగుతుందో అది వెనక్కి వాలిన కోణం) ఒక డిగ్రీ పోయినట్టే. ఫ్యాక్టరీ చెప్పేది సుమారు 6 డిగ్రీలు. అందులో ఆరోవంతు పోతే స్టీరింగ్ తేలికైపోతుంది, తనంతట తాను మధ్యకు రావడం తగ్గుతుంది. వెనక భాగాన్ని కూడా దించితే ఇందులో చాలావరకు తిరిగి వస్తుంది.

ఇంకొకటి. దించితే కారు తక్కువ ఒరుగుతుంది అనుకుంటారు. మాక్‌ఫర్సన్ స్ట్రట్ (షాక్ అబ్జార్బరే చక్రాన్ని నిలబెట్టే స్తంభం) ఉన్న ఇలాంటి కారులో ఒక హద్దు దాటాక జరిగేది తలకిందులు. ఏ-ఆర్మ్ పడుకునే కొద్దీ రోల్ సెంటర్ (మలుపులో కారు ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో అది), కారు బరువు కేంద్రం దిగినదానికంటే ఎక్కువ దిగిపోతుంది. రెండింటి మధ్య దూరం పెరిగి, మలుపులో కారు ఇంకా ఎక్కువ ఒరుగుతుంది. కాబట్టి వీధి కారుకు నా హద్దు ఒకటే: కారు నేల మీద నిలబడి ఉన్నప్పుడు ఏ-ఆర్మ్ బయటి కొస లోపలి కొసకంటే కొంచెమైనా కిందికే ఉండాలి. అంతకంటే దించాలంటే స్ట్రట్ మీద చక్రం ఇరుసును సుమారు 19 మి.మీ. పైకి మార్చి వెల్డ్ చేయించడం, స్టీరింగ్ ర్యాక్ కింద స్పేసర్లు వేయడం వంటివి చేయాలి. అది రేస్ ట్రాక్‌కు వెళ్లేవారి పని.

స్పానర్ పట్టే ముందు చూడాల్సినవి

న్యూజెర్సీ అన్నారు కాబట్టి మొదట తుప్పు. చలికాలంలో రోడ్ల మీద చల్లే ఉప్పు ఈ కార్లను లోపలి నుంచి తింటుంది. ముందు ఏ-ఆర్మ్‌ల ముందు మౌంట్‌లు బిగించి ఉండే రేకు, బ్యాటరీ చుట్టుపక్కల, వెనక టోర్షన్ ట్యూబ్ (వెనక టోర్షన్ బార్‌లు ఉండే అడ్డు గొట్టం) రెండు చివరలు: ఈ చోట్ల స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. లోపలికి దిగితే ఎత్తు సంగతి పక్కన పెట్టి ముందు అది బాగు చేయించండి.

తర్వాత బుష్‌లు. నలభై ఏళ్ల రబ్బరు కుంగిపోయి ఉంటుంది. వెనక స్ప్రింగ్ ప్లేట్ (టోర్షన్ బార్‌ను వెనక చక్రం చేయికి కలిపే ఉక్కు పట్టీ) మూత దగ్గర చూడండి: మూత రంధ్రంలో ప్లేట్ గొట్టం మధ్యలో ఉందా, ఒక అంచుకు దిగి ఉందా? అంచుకు ఆనుకుని ఉంటే రబ్బరు అయిపోయింది. అలాంటి కారు ఎత్తును ఈ రోజు సరిచేస్తే వచ్చే నెలకు మళ్లీ మారుతుంది. కొత్తవి వేసేటప్పుడు రోజూ నడిపే కారుకు రబ్బరే మేలు. ప్లాస్టిక్ లాంటి పాలీ బుష్‌లు గ్రీజు ఆరితే కీచుమంటాయి, పట్టేస్తాయి. పట్టేసిన బుష్‌తో ఎత్తు ఎన్నిసార్లు కొలిచినా ఒక్కసారీ ఒకే అంకె రాదు.

టైర్లు నాలుగూ సరైన కొలతవై ఉండాలి. ఎస్‌సీకి 15 అంగుళాల చక్రాలైతే ముందు 185/70, వెనక 215/60. 16 అంగుళాలైతే 205/55, 225/50. గాలి ముందు 29, వెనక 34 నుంచి 36 పీఎస్‌ఐ. ఒక టైరు కొత్తది, ఒకటి అరిగినది అయితే మీరు కొలుస్తున్నది సస్పెన్షన్‌ను కాదు, టైరు పట్టీ మందాన్ని.

ఎక్కడ కొలవాలి

ఫెండర్ అంచు నుంచి నేలకు కొలవడం అందరికీ అలవాటు. యూరప్ ఎత్తు అంటే ముందు సుమారు 25.5 అంగుళాలు, వెనక 25 అని అందరూ చెప్పుకునే లెక్క కూడా ఉంది. ఉజ్జాయింపుకు సరే. అయితే ఈ వయసు కారులో ఫెండర్ ఎప్పుడో ఒకసారి మారి ఉంటుంది, లేదా డెంటింగ్ చేసి ఉంటుంది. అంచు 8 మి.మీ. తేడాగా ఉన్నా కంటికి తెలియదు.

ఫ్యాక్టరీ కొలిచే పద్ధతి వేరు. చక్రం మధ్య బిందువు నేల నుంచి ఎంత ఎత్తు, టోర్షన్ బార్ మధ్య బిందువు నేల నుంచి ఎంత ఎత్తు, ఈ రెండింటి తేడా. యూరప్ ఎస్‌సీకి ముందు ఈ తేడా 108 మి.మీ., 5 అటూ ఇటూ. టైరు, చక్రం సైజు మారినా ఈ అంకె మారదు, ఎందుకంటే ఇది నేరుగా ఏ-ఆర్మ్ కోణాన్నే చెబుతుంది. కారు దిగే కొద్దీ టోర్షన్ బార్ కిందికి పోతుంది కాబట్టి మీ కారులో ఇప్పుడు ఇది 108 కంటే బాగా ఎక్కువ ఉంటుంది. వెనకకు కూడా ఇలాంటి అంకె మీ సంవత్సరం స్పెసిఫికేషన్ పుస్తకంలో ఉంటుంది, దాన్నే తీసుకోండి. వేరే మోడల్ అంకె పెట్టుకోవద్దు, టర్బోది వేరు.

నేల సమంగా ఉండాలి. గ్యారేజీ నేల నీళ్లు పోవడానికి వాలుగా పోస్తారు, కంటికి కనిపించదు. తాపీమేస్త్రీలు వాడే నీళ్ల లెవెల్ పైపు తెచ్చుకుని నాలుగు చక్రాల చోట్లా గీతలు పెట్టుకోండి. తక్కువ ఉన్న చోట పలచటి ఫ్లోర్ టైల్స్ పేర్చండి. లేజర్‌కు పెట్టే డబ్బు మిగులుతుంది, పని అంతకంటే తక్కువగా ఏమీ జరగదు. ప్రతి చక్రం కింద మధ్యలో గ్రీజు రాసిన రెండు నున్నటి పలకలు వేయండి. కారును దించినప్పుడు చక్రాలు పక్కకు జారి సర్దుకోవాలి. టైరు నేలను పట్టుకుని ఉంటే కారు 10 మి.మీ. పైనే ఆగిపోతుంది. చాలామంది ఇక్కడే మోసపోయి, స్క్రూను ఇంకో చుట్టు తిప్పేసి, మర్నాడు చూసుకుంటే కారు నేలకు ఆనుకుని ఉంటుంది.

మొదట వెనక వైపు, తర్వాత ముందు వైపు

ఈ వరుస ముఖ్యం. వెనక ఎత్తు మారిస్తే ముందు క్యాస్టర్ మారుతుంది, వెనక క్యాంబర్ (చక్రం నిలువు నుంచి పక్కకు వాలిన కోణం), టో (పై నుంచి చూస్తే చక్రం లోపలికో బయటికో తిరిగి ఉన్న కోణం) రెండూ మారతాయి. ముందు సర్దడం తేలిక, వెనక సర్దడం కష్టం. కష్టమైనది మొదట తేల్చేయాలి.

ఎస్‌సీలో వెనక స్ప్రింగ్ ప్లేట్ రెండు ముక్కలుగా ఉంటుంది. రెండింటి మధ్య ఒక ఎక్సెంట్రిక్ (కేంద్రం పక్కకు జరిగిన) బోల్టు. బిగింపు బోల్టులు వదులు చేసి ఎక్సెంట్రిక్ తిప్పితే రెండు ముక్కల మధ్య కోణం మారి కారు లేస్తుంది లేదా దిగుతుంది. దీనికి వెడల్పాటి, పలచటి స్పానర్ కావాలి, మామూలుది ఆ సందులో పట్టదు. వదులు చేసే ముందు బోల్టుల స్థానాలన్నీ పెయింటుతో గుర్తు పెట్టుకోండి, లేకపోతే వెనక టో ఎక్కడుందో తెలియని కారును అలైన్‌మెంట్ షాపు దాకా నడపాల్సి వస్తుంది. 911లో వెనక చక్రాలు బయటికి తెరుచుకుని ఉండటం (టో-అవుట్) అన్నిటికంటే ప్రమాదం. ఇంజిన్ వెనక వేలాడుతున్న కారు ఇది. మలుపు మధ్యలో యాక్సిలరేటర్ వదిలితే వెనక భాగం ముందుకు వచ్చేస్తుంది.

ఎక్సెంట్రిక్ పరిధి తక్కువ. అది చివరికి వచ్చినా ఎత్తు కుదరకపోతే టోర్షన్ బార్‌ను పళ్లు మార్చి పెట్టాలి. అది ఇలా పనిచేస్తుంది. బార్ లోపలి కొసకు 40 పళ్లు, బయటి కొసకు 44. లోపల ఒక పన్ను జరిపితే 9 డిగ్రీలు, బయట ఒక పన్ను జరిపితే సుమారు 8.2 డిగ్రీలు. లోపల ఒక పన్ను ఒకవైపు, బయట ఒక పన్ను వ్యతిరేక దిశలో జరిపితే నికరంగా మారేది 0.8 డిగ్రీ, చక్రం దగ్గర ఇంచుమించు 6 మి.మీ. వెర్నియర్ కాలిపర్ సూత్రమే.

బార్ తీయాలంటే ట్రెయిలింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని మోసే చేయి) కింద జాక్ పెట్టి, బరువు దాని మీదికి తెచ్చాకే షాక్ అబ్జార్బర్ కింది బోల్టు విప్పాలి. వెనక చక్రం కిందికి దిగకుండా ఆపుతున్నది ఆ షాకే. తర్వాత స్ప్రింగ్ ప్లేట్ కింది స్టాప్ మీద ఆగుతుంది. అప్పుడు కూడా అందులో బిగువు మిగిలే ఉంటుంది, చెయ్యి అడ్డం పెట్టొద్దు. విప్పే ముందు ప్లేట్ కోణాన్ని డిజిటల్ యాంగిల్ గేజ్‌తో, తలుపు కింది అంచుతో పోల్చి కొలిచి రాసుకోండి. కడ్డీని బయటికి లాగేముందు రెండు కొసల మీదా గుర్తు పెట్టండి. తిరిగి బిగించేటప్పుడు మూతకు రెండు పొడవాటి బోల్టులు వాడి నెమ్మదిగా లోపలికి నొక్కితే సుఖం.

బార్‌ల మీద ఎడమ, కుడి గుర్తులు ఉంటాయి. తయారీలోనే ఒక దిశలో మెలితిప్పి గట్టిపరిచినవి. తారుమారు చేస్తే కొన్నాళ్లకు విరుగుతాయి. పైనున్న పెయింటును గీకొద్దు. గీత పడిన చోట తుప్పు చిన్న గుంట చేస్తుంది, పగులు అక్కడే మొదలవుతుంది. పెయింటు పోయిన చోట మళ్లీ వేసి, పళ్లకు గ్రీజు పట్టించి పెట్టండి.

ఇక ముందు వైపు. కింద క్రాస్ మెంబర్ దగ్గర రెండు స్క్రూలు, 11 మి.మీ. స్పానర్ సరిపోతుంది. బిగిస్తే కారు లేస్తుంది, వదిలితే దిగుతుంది. లేపేటప్పుడు చక్రం బరువును జాక్‌తో తీసేసి తిప్పండి. బరువు మీదే తిప్పితే మర పోతుంది. స్క్రూ కొసకు మాలీ (మాలిబ్డినం) గ్రీజు రాయండి. తలకు పెయింటు చుక్క పెట్టి, ఒక్కో చుట్టు తిప్పి కారును దించి, కొలిచి రాసుకోండి. మీ కారులో ఒక చుట్టుకు ఎన్ని మి.మీ. వస్తోందో తెలిశాక మిగతాది లెక్కే. మీరు రెండు వైపులా సమానంగా తిప్పి ఉంటారు, అయినా సమానంగా దిగి ఉండదు. పాత బార్‌లు సమానంగా అలసిపోవు.

స్క్రూ పూర్తిగా బిగిసినా కారు లేవకపోతే బలవంతం చేయొద్దు. స్క్రూ తీసేసి, చక్రం పూర్తిగా వేలాడుతుండగా, స్క్రూ నొక్కే లివర్‌ను బార్ పళ్ల మీద నుంచి ఊడదీసి, ఒక పన్ను మార్చి పెట్టాలి.

ప్రతిసారీ కారును దించాక రెండు మూడు సార్లు ముందు, వెనక నొక్కి వదలండి. కొన్ని అడుగులు ముందుకూ వెనక్కూ దొర్లించండి. అప్పుడు కొలవండి.

కుడి చక్రం ఎందుకు లాక్ అవుతోంది

నాలుగు కాళ్ల బల్లలో ఒక కాలు పొట్టిదైతే ఏమవుతుందో ఇదీ అంతే. ముందు ఎడమ స్క్రూ కాస్త ఎక్కువ బిగిసి ఉంటే, కారు చూడటానికి సమంగానే ఉన్నా, బరువు ఎడమ ముందు, కుడి వెనక చక్రాల మీద పడుతుంది. కుడి ముందు చక్రం తేలికైపోతుంది. తేలిక చక్రం బ్రేక్‌కు ముందు లాక్ అవుతుంది.

డ్రైవర్ కూర్చున్నప్పుడు ఒక కారు ఇలా తూగిందనుకోండి: ఎడమ ముందు 265 కిలోలు, కుడి ముందు 225, ఎడమ వెనక 360, కుడి వెనక 400. మొత్తం 1250. ఒక మూలకట్టు (ఎడమ ముందు, కుడి వెనక) 665, అంటే 53.2 శాతం. రెండోది 585. రెండూ 625 చొప్పున ఉండాలి. కుడి ముందు స్క్రూ కొంచెం బిగించి, ఎడమ ముందు స్క్రూ అంతే వదిలితే సగటు ఎత్తు మారకుండా బరువు ఒక మూలకట్టు నుంచి రెండోదానికి పోతుంది. ముందు 245, 245, వెనక 380, 380కి వస్తుంది. ఈ ఉదాహరణలో నాలుగూ అందంగా కలిశాయి, మీ కారులో అలా రాదు. డ్రైవర్ ఒక పక్క కూర్చుంటాడు కాబట్టి ఎడమ వైపు ఎప్పుడూ కొంత బరువే. స్క్రూలు తిప్పి ఎడమ నుంచి కుడికి బరువు మార్చలేరు, ముందు నుంచి వెనక్కీ మార్చలేరు. మూలకట్టు ఒక్కటే మీ చేతిలో ఉంది. 49.5 నుంచి 50.5 శాతం మధ్యకు వస్తే వదిలేయండి.

తూచేటప్పుడు యాంటీ రోల్ బార్ (ఒరుగుడు తగ్గించడానికి ఎడమ, కుడి చక్రాలను కలిపే కడ్డీ) లింకులు ఒకవైపైనా విప్పి ఉండాలి. లేకపోతే బార్ బిగువు కూడా తూకంలోకి వస్తుంది. సీటులో మీ అంత బరువు పెట్టండి (బియ్యం బస్తాలైనా సరే), స్పేర్ చక్రం దాని చోట ఉండాలి. ట్యాంకు ముందే ఉంటుంది కాబట్టి పెట్రోలు ఎంత ఉందో రాసుకోండి, రెండోసారి తూచినప్పుడూ అంతే ఉండాలి. పూర్తయ్యాక లింకు బోల్టు చేత్తో నెడితే దూరేలా పొడవు సర్ది బిగించండి. సుత్తితో కొట్టాల్సి వస్తే మీరు చేసిన పనంతా ఆ ఒక్క దెబ్బతో పోతుంది.

కాయిలోవర్ల సంగతి

మీ కారు బాడీలో షాక్‌లు బిగించే పై చోట్లు కారు బరువు మోయడానికి చేసినవి కావు. అవి షాక్ తోపుడును మాత్రమే తట్టుకుంటాయి. బరువు మోసేది టోర్షన్ బార్ మౌంట్‌లు. కాయిలోవర్ వేస్తే బరువంతా ఆ పై చోట్లకు పోతుంది, అక్కడ రేకు బలపరచకపోతే పగుళ్లు వస్తాయి. కాయిల్ స్ప్రింగులు 911లోకి 1989లో 964 (తర్వాతి తరం 911)తో వచ్చాయి, దాని బాడీ అందుకు తగ్గట్టే చేశారు.

ఇంకా గట్టి సస్పెన్షన్ కావాలంటే లావు టోర్షన్ బార్‌లు వేసుకోవచ్చు. కానీ గట్టిదనం వ్యాసం నాలుగో ఘాతంతో పెరుగుతుందని గుర్తుంచుకోండి. ముందు 18.8 నుంచి 21 మి.మీ.కి వెళ్తే గట్టిదనం దాదాపు 55 శాతం ఎక్కువ. వెనక 24 నుంచి 27కి వెళ్తే 60 శాతం. రెండు మూడు మి.మీ.యే కదా అనిపిస్తుంది, పాత షాక్‌లతో ఆ కారు బంతిలా ఎగురుతుంది. బార్ మారిస్తే షాక్‌ల వాల్వింగ్ (లోపలి వాల్వుల బిగువు) కూడా మార్చాలి. ముందు ఉన్నదాన్ని సరిగ్గా సర్ది వెయ్యి కిలోమీటర్లు నడపండి, తర్వాత కూడా కావాలనిపిస్తే అప్పుడు చూడండి.

అలైన్‌మెంట్ షాపులో ఏం అడగాలి

వీధి వాడకానికి నేను పెట్టేవి: ముందు క్యాంబర్ మైనస్ అర డిగ్రీ, వెనక మైనస్ ఒక డిగ్రీ, క్యాస్టర్ 6 డిగ్రీల దగ్గర రెండు వైపులా ఒకేలా, ముందు టో సున్నా లేదా కొద్దిగా లోపలికి, వెనక ఒక్కో చక్రానికి 10 నిమిషాల (నిమిషం అంటే డిగ్రీలో అరవయ్యో వంతు) టో-ఇన్, అంటే లోపలికి. ఎస్‌సీ వెనక ఎక్సెంట్రిక్‌లు ఎప్పుడైనా విప్పారా అని షాపు వాళ్లను ముందే అడగండి. కొన్ని చోట్ల ముందు టో మాత్రం సరిచేసి కాగితం ఇచ్చి పంపేస్తారు. ఆ కాగితంలో వెనక అంకెలు లేకపోతే పని సగమే జరిగినట్టు.

100 కిలోమీటర్లు నడిపాక మళ్లీ కొలవండి. కొత్త బుష్‌లు, కదిపిన బార్‌లు కాస్త కూర్చుంటాయి. 3, 4 మి.మీ. దిగడం మామూలే, అందుకే మొదటిసారి అంత పైనే వదిలిపెట్టాలి. ముక్కు ఎత్తు మారింది కాబట్టి హెడ్‌లైట్లు గోడ మీద ఎక్కడ పడుతున్నాయో చూసి సరిచేయించండి. 40 మి.మీ. దించిన రోజు నుంచీ అవి మీ బంపర్ ముందు నేలనే వెలిగిస్తున్నాయి.